పాత కారు ఎగ్జాస్టు మానిఫోల్డును మార్చడం ఎట్లా?

ఉదయం పూట పాత కారు ఇంజనును నడపగానే బోనెట్టు కింద నుంచి ఒక్కొక్కప్పుడు "టిక్, టిక్, టిక్" అనే చప్పుడు వినిపిస్తుంది. ఇంజను వేగం పెంచితే ఆ చప్పుడు వేగం కూడ పెరుగుతుంది. పది నిమిషాలు నడిచి ఇంజను బాగా వేడెక్కిన తరువాత చప్పుడు దానంతట అదే ఆగిపోతుంది. కారు యజమాని "హమ్మయ్య, సర్దుకున్నది" అనుకుంటాడు. మరునాటి ఉదయం అది మళ్ళీ మొదలవుతుంది.

నిజానికి అక్కడ ఏమీ సర్దుకోలేదు. ఇంజను పక్కన ఉండే ఎగ్జాస్టు మానిఫోల్డు అనే పోత ఇనుప గొట్టం పగిలి ఉండవచ్చు, లేదా అది ఇంజనుకు అతుక్కొనే చోట సందు ఏర్పడి ఉండవచ్చు. ఆ గొట్టం ఎందుకు పగులుతుంది? వేడెక్కితే చప్పుడు ఎందుకు ఆగుతుంది? పాతదానిని విప్పబోతే నట్లు ఎందుకు మొరాయిస్తాయి? కొత్తదానిని మళ్ళీ పగలకుండా బిగించడం ఎట్లా? ఈ ప్రశ్నల వెనుక ఉన్న శాస్త్ర విషయం ఒక్కటే. అది పాఠశాలలో మనం చదువుకొనే ఘనపదార్థాల వ్యాకోచం. ఈ సంగతి మనసులో పెట్టుకొన్నవాడు, చేతిపనిలో కొంత అలవాటు ఉంటే, ఈ మరమ్మతును ఇంటి వద్దనే చేసుకోవచ్చు. దానిని మరచినవాడు కొత్త మానిఫోల్డును కూడ పగలగొట్టుకొంటాడు.

మానిఫోల్డు చేసే పని

మనకు బాగా తెలిసిన అంబాసిడరు కారునే ఉదాహరణగా తీసుకొందాం. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన ఈ కారు 2014 వరకు ఉత్పత్తిలో ఉన్నది. దీనిలో చాలాకాలం వాడిన పెట్రోలు ఇంజను 1489 ఘనపు సెంటీమీటర్ల సామర్థ్యం గలది. దానికి నాలుగు సిలిండర్లు వరుసగా ఉంటాయి.

ప్రతి సిలిండరులోను పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం మండుతుంది. మండగా మిగిలిన వేడి వాయువులను పిస్టను పైకి వస్తూ ఎగ్జాస్టు కవాటం ద్వారా బయటికి నెట్టుతుంది. నాలుగు సిలిండర్ల నుంచి వచ్చే ఈ వాయువులను ఒకచోట చేర్చి, కిందనున్న పొగగొట్టంలోనికి, అక్కడ నుంచి సైలెన్సరులోనికి పంపేదే ఎగ్జాస్టు మానిఫోల్డు. కొన్ని పిల్లకాలువలు కలిసి ఒక మురుగుకాలువ అయినట్లు, దీని కొమ్మలు కలిసి ఒక గొట్టం అవుతాయి.

అంబాసిడరు ఇంజనులో ఈ కొమ్మలు నాలుగు కాదు, మూడే. మధ్యనున్న రెండవ, మూడవ సిలిండర్లకు కలిపి ఒకే ద్వారం ఉంటుంది. ఇది పొరపాటు కాదు. సిలిండర్లు మండే వరుస 1, 3, 4, 2. అనగా మూడవ సిలిండరు తరువాత వెంటనే రెండవది మండదు. మధ్యలో నాలుగవది మండుతుంది. కాబట్టి ఒకే ద్వారం గుండా పోయినా ఈ రెండింటి వాయువులు ఒకదాని దారికి మరొకటి అడ్డు తగలవు.

ఈ ఇంజనులో ఇంకొక విశేషం ఉన్నది. మిశ్రమాన్ని లోపలికి తెచ్చే ఇన్‌లెట్ మానిఫోల్డు, వాయువులను బయటికి పంపే ఎగ్జాస్టు మానిఫోల్డు రెండూ ఒకే పక్కన ఉంటాయి. ఎగ్జాస్టు మానిఫోల్డు వేడి వల్ల ఇన్‌లెట్ మానిఫోల్డు అడుగు వెచ్చబడుతుంది. అందువల్ల పెట్రోలు బిందువులు త్వరగా ఆవిరి అవుతాయి. కాని మరమ్మతు చేసేవానికి దీనివల్ల రెండు చిక్కులు. ఒకటి, పెట్రోలు ఉండే కార్బురేటరును తీయనిదే మానిఫోల్డు చేతికి అందదు. రెండు, కొన్ని స్టడ్డుల వద్ద ఒకే పెద్ద వాషరు రెండు మానిఫోల్డుల అంచులను కలిపి నొక్కిపెడుతుంది. ఈ రెండవ సంగతి బిగించేటప్పుడు ముఖ్యమవుతుంది.

పోత ఇనుము ఎందుకు పగులుతుంది?

బండిచక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు కమ్మరి ఏమి చేస్తాడో పల్లెలలో పెరిగినవారికి తెలుసు. చక్రం కంటె కొంచెం చిన్నదిగా పట్టాను చేసి, దానిని నిప్పులలో ఎర్రగా కాలుస్తాడు. కాలిన పట్టా వ్యాకోచించి చక్రం మీదికి సులభంగా ఎక్కుతుంది. వెంటనే నీళ్ళు పోస్తే అది సంకోచించి కర్రను బిగపట్టుతుంది. ఇనుము చల్లారేటప్పుడు చూపే బలం అంత పెద్దది. కమ్మరికి మేలు చేసే ఆ బలమే మానిఫోల్డుకు కీడు చేస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. పోత ఇనుము ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కితే దాని పొడవు సుమారు 0.000011 వంతు పెరుగుతుంది. మానిఫోల్డు చివరి కొమ్మల మధ్య దూరం 35 సెంటీమీటర్లు, అనగా 350 మిల్లీమీటర్లు అనుకొందాం. చల్లగా ఉన్నప్పుడు దాని ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, ఎత్తు రోడ్డు మీద బరువుతో ఎక్కుతున్నప్పుడు 430 డిగ్రీలు అనుకొందాం. పెరుగుదల 400 డిగ్రీలు.

350 × 0.000011 × 400 = 1.54 మిల్లీమీటర్లు.

ఈ మానిఫోల్డును బిగించిన సిలిండరు హెడ్డు కూడ పోత ఇనుమే. కాని దానిలో నీరు ప్రవహిస్తూ ఉంటుంది గనుక అది 90 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. దాని వ్యాకోచం:

350 × 0.000011 × 60 = 0.23 మిల్లీమీటర్లు.

ఈ రెండింటికి భేదం 1.3 మిల్లీమీటర్లు. ఒకదానికొకటి బిగించిన రెండు ఇనుప ముక్కలలో ఒకటి రెండవదానికంటె మిల్లీమీటరుకు పైగా పొడవు కావాలని చూస్తున్నదన్నమాట. అది గాస్కెట్టు మీద, వాషర్ల కింద కొద్దిగా జారగలిగితే ఏ ప్రమాదమూ లేదు. తుప్పు వల్లనో, అతిగా బిగించినందువల్లనో జారలేకపోతే, ఆ వేడిలో కొంత మెత్తబడిన ఇనుము తనలో తానే నలిగి పొట్టిదవుతుంది. అప్పటికి ఏ చప్పుడూ రాదు. పోత ఇనుము నలగగొట్టే బలాన్ని బాగా ఓర్చుకొంటుంది.

కష్టమంతా ఇంజను ఆపిన తరువాత వస్తుంది. నలిగి పొట్టిదైన మానిఫోల్డు చల్లారి ఇంకా సంకోచించాలని చూస్తుంది. కాని దాని రెండు చివరలను స్టడ్డులు పట్టుకొని ఉన్నవి. ఇప్పుడు దానిని లాగే బలం పుట్టుతుంది. పోత ఇనుములో కార్బను సన్నని గ్రాఫైటు రేకుల రూపంలో చెదిరి ఉంటుంది. లాగినప్పుడు ఈ రేకుల వద్దనే చీలిక మొదలవుతుంది. అందువల్లనే పోత ఇనుము నొక్కుడుకు గట్టిది, లాగుడుకు పెళుసు. ఈ విధంగా వేలసార్లు వేడెక్కి చల్లారిన తరువాత ఒకనాడు మానిఫోల్డు పగులుతుంది. వేడి మానిఫోల్డు మీద ఒక్కసారిగా నీరు పడితే ఆ పని ఇంకా త్వరగా జరగవచ్చు.

"టిక్ టిక్" చప్పుడు రహస్యం కూడ ఇప్పుడు తెలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు లాగుడు వల్ల పగులు నోరు తెరచి ఉంటుంది. ప్రతి సిలిండరు వాయువును విడిచినప్పుడల్లా ఆ సందు గుండా కొంత బయటికి చిమ్మి చప్పుడు చేస్తుంది. వేడెక్కితే ఇనుము వ్యాకోచించి పగులు అంచులు దగ్గరకు వస్తాయి. చప్పుడు తగ్గుతుంది. పగులు మాత్రం పోలేదు.

వాసన లేని విషం

చప్పుడు కొంచెం భరిస్తే చాలదా, మరమ్మతు ఎందుకు అని అడగవచ్చు. ఆ సందు గుండా వచ్చేది వట్టి పొగ కాదు. దానిలో కార్బన్ మోనాక్సైడు ఉన్నది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజనుతో కలిసేదానికంటె రెండు వందల రెట్లకు పైగా ఆసక్తితో ఈ వాయువుతో కలుస్తుంది. అట్లా కలిసిన హీమోగ్లోబిన్ ఇక ప్రాణవాయువును మోయలేదు. మొదట తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. తరువాత స్పృహ పోతుంది. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ ఈ వాయువును స్వయంగా పీల్చి, తన శరీరంలో వచ్చిన మార్పులను గమనించి 1895లో ప్రకటించాడు. గనులలో ఈ విషాన్ని ముందుగా కనిపెట్టడానికి ఎలుకలు, పక్షుల వంటి చిన్న ప్రాణులను వెంట తీసుకొనిపోవచ్చునని సూచించినవాడు ఆయనే.

పాత ఇంజనులకు ఈ వాయువును మార్చివేసే ఉత్ప్రేరక పేటిక లేదు. ఖాళీగా తిరుగుతున్నప్పుడు వాటి పొగలో నూటికి మూడు వంతులు కార్బన్ మోనాక్సైడు ఉన్నదనుకొని ఇంకొక లెక్క వేద్దాం. 1.489 లీటర్ల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన సామర్థ్యానికి తగిన వాయువును తీసుకొని విడుస్తుంది. నిమిషానికి 800 చుట్లు తిరిగితే 1.489 × 400, అనగా సుమారు 600 లీటర్లు. కాని ఖాళీ పరుగులో థ్రాటిలు దాదాపు మూసి ఉంటుంది గనుక అందులో నాలుగవ వంతు, అనగా 150 లీటర్లు అనుకొందాం. దానిలో నూటికి మూడు వంతులంటే నిమిషానికి నాలుగున్నర లీటర్ల కార్బన్ మోనాక్సైడు. ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల షెడ్డులో 54,000 లీటర్ల గాలి పట్టుతుంది. తలుపులు మూసి ఉంటే పన్నెండు నిమిషాలలో 54 లీటర్ల విషం చేరుతుంది. అంటే గాలిలో వెయ్యింటికి ఒక వంతు. వెయ్యింటికి ఒకటిన్నర వంతు దాటిన గాలిని ఒకటి రెండు గంటలు పీల్చితే ప్రాణాపాయం.

పగిలిన మానిఫోల్డు నుంచి వచ్చే వాయువు బోనెట్టు కింద నుంచి పెడల్సు, తీగలు దూరే రంధ్రాల గుండా కారు లోపలికి రాగలదు. వానకాలంలో అద్దాలు మూసుకొని పోయేవారికి తలనొప్పి వస్తే ఎండకో, ప్రయాణానికో దానిని అంటగట్టరాదు. వెంటనే అద్దాలు దించి, కారు ఆపి, బయటి గాలిలోకి రావలె. తలనొప్పి తగ్గకపోయినా, మగతగా ఉన్నా వైద్యుని వద్దకు వెళ్ళవలె.

పగులు ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం

ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, సబ్బునురుగును మానిఫోల్డు మీద, అది హెడ్డుకు అతుక్కొనే అంచుల మీద పూయవలె. ఒకరు ఇంజనును నడిపి, రెండవవారు వెనుక గొట్టం నోటికి మందమైన తడిగుడ్డను కొద్ది క్షణాలు అడ్డుపెడితే సందు ఉన్నచోట బుడగలు లేస్తాయి. ఇంజను వేడెక్కకముందే ఈ పరీక్ష ముగించవలె. వేడి ఇనుము మీద నురుగు పోయరాదు. అంచుల వద్ద మసి చారలు ఉన్నా అక్కడ వాయువు కారుతున్నదని తెలుసుకోవచ్చు. అగరువత్తి పొగతో వెదకడం కొందరికి అలవాటు. కార్బురేటరు పక్కన నిప్పు పనికిరాదు.

బుడగలు అంచుల వద్ద మాత్రమే వస్తే గాస్కెట్టు పోయినదని అర్థం. దానిని మారిస్తే చాలవచ్చు. ఒంటి మీద వస్తే మానిఫోల్డునే మార్చవలె.

పనికి ముందు

కారును చదునైన నేల మీద, గాలి ఆడే చోట నిలిపి, చక్రాలకు ముందు వెనుక అడ్డురాళ్ళు పెట్టవలె. ముందు రాత్రే నట్లన్నింటి మీద తుప్పు వదిలించే పలుచని నూనె వేసి ఉంచవలె. ఈ నూనె పని చేయడంలో కూడ ఒక శాస్త్ర విషయం ఉన్నది. దాని స్నిగ్ధత, తలతన్యత తక్కువ. కాబట్టి దీపపు వత్తిలో నూనె పాకినట్లు మరల మధ్యనున్న సన్నని సందులలోనికి కేశనాళికా చర్య వల్ల పాకుతుంది. పాకడానికి కాలం పట్టుతుంది. అందుకే రాత్రంతా వదలడం.

ఉదయం చల్లని ఇంజను మీద పని మొదలుపెట్టవలె. ముందుగా బ్యాటరీ తీగలలో కారు శరీరానికి కలిపిన తీగను విప్పవలె. రెండవ తీగను ముందు విప్పబోతే పానా ఒక కొన కారు ఇనుముకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. తరువాత గాలి వడపోత డబ్బా, పెట్రోలు గొట్టం, కార్బురేటరు, దాని కడ్డీలు విప్పవలె. విప్పకముందు ప్రతి గొట్టం ఎక్కడ ఉన్నదో బొమ్మ గీసుకొనడమో, ఫోటో తీసుకొనడమో మంచిది. పెట్రోలు గొట్టం కొనకు బిరడా బిగించి, చిందిన పెట్రోలు తుడిచి, ఆ గుడ్డలను దూరంగా వేయవలె. దగ్గరలో మంటలార్పే సాధనం ఉండవలె.

మానిఫోల్డు కింద పొగగొట్టాన్ని విప్పడానికి కారు కిందికి దూరవలసివస్తే జాకీని నమ్మరాదు. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. బరువును ఇనుప స్టాండ్ల మీద నిలిపిన తరువాతనే కిందికి పోవలె. పేర్చిన ఇటుకలు ఉన్నట్టుండి పగులుతాయి, వాటిని వాడరాదు.

పట్టిన నట్లను విప్పడం

ఇనుము తుప్పు పట్టితే ఆ తుప్పు అంతకుముందున్న ఇనుముకంటె రెండు రెట్లకు పైగా చోటును ఆక్రమిస్తుంది. మరల మధ్య అంత చోటు లేదు గనుక తుప్పు ఒక మేకువలె బిగుసుకొంటుంది. ఈ నట్లను బలవంతంగా ఒకే దిక్కుకు తిప్పితే స్టడ్డు విరుగుతుంది. విరిగిన స్టడ్డు ఒక గంట పనిని రెండు రోజుల పని చేస్తుంది.

కాబట్టి నట్టును మొదట కొంచెం బిగించే దిక్కుకు కదిలించవలె. తుప్పు పొర చిట్లిన తరువాత విప్పే దిక్కుకు పావు చుట్టు తిప్పి, మళ్ళీ వెనుకకు తిప్పి, నూనె వేయవలె. ఇట్లా ముందుకు వెనుకకు తిప్పుతూ పోతే తుప్పు పొడి అయి రాలిపోతుంది. నట్టు తలకు సరిగా పట్టే పానానే వాడవలె. వదులు పానా నట్టు మూలలను అరగదీస్తుంది.

ఇంతకూ రాకపోతే వేడి చేయడం ఒక ఉపాయం. బడిలో గుండు, వలయం ప్రయోగం చేసినవారికి ఇది కొత్త కాదు. వలయాన్ని వేడి చేస్తే దాని రంధ్రం పెద్దదవుతుంది. అట్లే నట్టును త్వరగా వేడి చేస్తే, స్టడ్డు ఇంకా చల్లగా ఉండగానే నట్టు రంధ్రం పెద్దదయి తుప్పు పట్టు సడలుతుంది. కాని గ్యాసు మంట వాడేముందు కార్బురేటరు, పెట్రోలు గొట్టం తొలగించి ఉన్నవా, పెట్రోలు వాసన పూర్తిగా పోయినదా అని రెండుసార్లు చూడవలె. సందేహం ఉంటే మంట వెలిగించరాదు. క్లోరిను గల శుభ్రపరచే ద్రావకాలు చల్లిన చోట కూడ మంట పెట్టరాదు. వాటి నుంచి ఫాస్జీను అనే విషవాయువు పుట్టవచ్చు.

స్టడ్డు విరిగితే, బయటికి మిగిలిన ముక్క మీద రెండు నట్లు ఎక్కించి, ఒకదానితో ఒకటి బిగించి, లోపలి నట్టును విప్పే దిక్కుకు తిప్పితే స్టడ్డు రావచ్చు. ముక్క హెడ్డు లోపలనే మిగిలితే సరిగా నడిమిలో గుర్తు కొట్టి రంధ్రం వేయవలె. ఆ పనిలో అలవాటు లేనివారు అక్కడ ఆగి లేత్ షాపు సహాయం తీసుకొనడం వివేకం. లోపల విరిగిన డ్రిల్లు ముక్క స్టడ్డుకంటె గట్టిది. దానిని తీయడం ఇంకా కష్టం.

శుభ్రం చేయడం, చదును చూడడం

మానిఫోల్డు ఊడి వచ్చిన తరువాత హెడ్డు మీద పాత గాస్కెట్టు ముక్కలు అంటుకొని ఉంటాయి. ఇక్కడ ఒక హెచ్చరిక. పాత కార్ల గాస్కెట్లలో ఆస్బెస్టాసు ఉండవచ్చు. దాని సన్నని నూలుపోగులు ఊపిరితిత్తులలో చేరితే ఏళ్ళ తరువాత క్యాన్సరు కలిగించగలవు. కాబట్టి ఆ ముక్కలను పొడిగా గీకరాదు, తీగ బ్రష్షుతో రుద్దరాదు, గాలితో ఊదరాదు. బాగా తడిపి, తగిన ముసుగు ధరించి, మొద్దు కత్తితో మెల్లగా లేపి, తడిగానే సంచిలో కట్టివేయవలె. హెడ్డు రంధ్రాలలో గుడ్డలు కూరి ఉంచితే చెత్త లోపల పడదు. తరువాత ఆ గుడ్డలను లెక్కపెట్టి తీయవలె.

పాత మానిఫోల్డును తిరిగి స్టడ్డుల మీద పెట్టి చూడండి. ఒక్కొక్కప్పుడు దాని రంధ్రాలు స్టడ్డులకు సరిపోవు. ఏళ్ళ తరబడి నలిగి అది నిజంగానే పొట్టిదయినది. మన లెక్కకు ఇంతకంటె మంచి సాక్ష్యం లేదు.

కొత్త మానిఫోల్డును కొనేటప్పుడు సంతలో కుండను తట్టి చూసినట్లు చిన్న సుత్తితో తట్టి చూడవలె. మంచిదైతే గణగణమంటుంది, పగులు ఉంటే బొంగురు చప్పుడు వస్తుంది. పాత సామాను అంగడిలో కొన్నదైతే ఈ పరీక్ష తప్పనిసరి. తరువాత దాని ముఖాల మీద ఉక్కు బద్దను నిలువుగా ఆనించి, కింద వెలుతురు కనిపిస్తున్నదేమో చూడవలె. సందు ఉంటే ఫీలరు గేజితో కొలవవచ్చు. వంకర ఎక్కువగా ఉంటే లేత్ షాపులో చదును చేయించవలె.

ఇక్కడ మనం ముందు చెప్పుకొన్న పెద్ద వాషర్ల సంగతి జ్ఞాపకం తెచ్చుకోవలె. ఒకే వాషరు ఇన్‌లెట్, ఎగ్జాస్టు అంచులు రెండింటినీ నొక్కాలంటే ఆ రెండు అంచుల మందం సమానంగా ఉండవలె. కొత్త దాని అంచు మందంగా ఉంటే వాషరు వాలి, ఒకదానినే నొక్కుతుంది, రెండవది కారుతుంది. అందుకని రెండింటినీ కలిపి కొలిచి, అవసరమైతే కలిపి చదును చేయించడం మంచిది.

బిగించడం

కొత్త గాస్కెట్టును పొడిగానే, తయారీదారు చెప్పిన ముఖం చెప్పిన వైపునకు ఉండేటట్లు పెట్టవలె. స్టడ్డులను శుభ్రం చేయవలె; అరిగినవి మార్చవలె. నట్లు ఇత్తడివి దొరికితే మేలు. ఇత్తడి తుప్పు పట్టదు గనుక మరొకసారి విప్పవలసివచ్చినప్పుడు స్టడ్డు విరగదు.

నట్లన్నింటిని మొదట వేళ్ళతో తిప్పి, తరువాత నడిమి నట్ల నుంచి మొదలుపెట్టి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, చివరల వైపునకు పోతూ బిగించవలె. ఒకేసారి పూర్తిగా గాక మూడు విడతలుగా బిగించవలె. నడిమి నుంచి ఎందుకు? మానిఫోల్డు వేడెక్కినప్పుడు నడిమి భాగం నిలిచి, రెండు చివరలు చెరొక వైపునకు జారుతాయి. మన లెక్కలోని 1.3 మిల్లీమీటర్లు అప్పుడు చెరొక వైపు 0.65 మిల్లీమీటర్లుగా పంచుకోబడుతుంది. చివరలను ముందు బిగిస్తే నడుమ ఉన్న వంకర అక్కడనే చిక్కుపడుతుంది.

ఎంత బలంతో బిగించవలె? ఆ కారు మరమ్మతు పుస్తకంలో ఉన్న అంకెను పాటించవలె. ఈ తరహా ఇంజనులకు అది సుమారు 20 న్యూటన్ మీటర్లు. అనగా 20 సెంటీమీటర్ల పొడవు గల పానా కొనను 10 కిలోల బరువు లాగినంత బలం. ఇది చాలామంది అనుకొనేదానికంటె తక్కువ. పానాకు పైపు తొడిగి, రెండు చేతులతో లాగేవాడు గట్టిపని చేశానని సంతోషిస్తాడు. కాని వాషరు కింద జారడానికి చోటు లేకుండ చేసినవాడు మొదటి రోజే పగులుకు పునాది వేసినట్లే.

పొగగొట్టాన్ని కలిపేటప్పుడు కూడ ఇదే సూత్రం. దాని అంచు మానిఫోల్డు అంచుతో సహజంగా కలవవలె. వంకరగా ఉన్న గొట్టాన్ని నట్లతో లాగి కలిపితే, దాని బరువు, వంపు ఎల్లప్పుడు మానిఫోల్డును లాగుతూ ఉంటాయి. గొట్టాన్ని మోసే రబ్బరు పట్టీలు తెగి ఉంటే వాటిని కూడ మార్చవలె. పాత మానిఫోల్డు పగలడానికి అవి కూడ కారణమై ఉండవచ్చు.

మొదటి పరుగు

అన్నీ తిరిగి బిగించి, పెట్రోలు కారడం లేదని చూసుకొని, బ్యాటరీకి తీగ కలిపి, ఆరుబయట ఇంజనును నడపవలె. చేతుల నూనె, రాత్రి వేసిన నూనె మాడి మొదట కొంత పొగ వస్తుంది. భయపడనక్కరలేదు. కాని పెట్రోలు వాసన వస్తే వెంటనే ఆపవలె. చల్లని ఇంజను మీదనే చెవి పెట్టి వినవలె. పగులు ఉన్నప్పుడు వినిపించే చప్పుడు అప్పుడే కదా వినిపిస్తుంది. మరునాడు, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, నట్లన్నింటిని అదే బలంతో మరొకసారి సరిచూడవలె. కొత్త గాస్కెట్టు వేడికి కొంత అణగి ఉంటుంది. వంద కిలోమీటర్లు తిరిగిన తరువాత ఇంకొకసారి చూస్తే చాలు.

ఉపాధ్యాయులు తరగతిలో వ్యాకోచ గుణకం చెప్పేటప్పుడు గుండు, వలయంతోపాటు ఈ మానిఫోల్డును కూడ చూపవచ్చు. ఊరిలో ఏ మెకానిక్కు అంగడిలో అడిగినా పగిలిన పాత మానిఫోల్డు ఒకటి దొరకవచ్చు. విద్యార్థులు దాని రంధ్రాల మధ్య దూరాలను కొలిచి, కొత్తదాని కొలతలతో పోల్చి చూడవచ్చు. 0.000011 అనే అంకె పుస్తకంలో ఎంతో చిన్నది. అదే అంకె ఇనుమును నలిపి, లాగి, చివరికి పగలగొట్టిన తీరు వారికి ఆ ముక్కలో కనిపిస్తుంది.